మీ కస్టమర్ అసలు ఎవరు? టార్గెట్ ఆడియన్స్‌ను గుర్తించి, అర్థం చేసుకునే పద్ధతి

వ్యాపారం చేస్తున్నవాళ్లను "మీ సరుకు ఎవరి కోసం?" అని అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు "అందరికీ పనికొస్తుందండీ" అని. కొందరు ఇంకాస్త ఆలోచించి "25 నుంచి 45 ఏళ్ల లోపు, నగరాల్లో ఉండే, మధ్యతరగతి ఉద్యోగులు" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ మొదటి జవాబుకూ దీనికీ పెద్ద తేడా లేదు. ఆ వర్ణనకు సరిపోయేవాళ్లు లెక్కలేనంత మంది. వాళ్లలో ఎవరు ఈ నెలలో మీ దగ్గరికి వస్తారో, ఎవరు ఎప్పటికీ రారో అది చెప్పదు.

ఆఫీసు పనికి వాడే కుర్చీలు తయారుచేసి అమ్మే ఒక చిన్న వ్యాపారాన్ని ఊహించుకోండి. ఒకే వయసు, ఒకే జీతం ఉన్న ఇద్దరు పక్కపక్క ఇళ్లలో ఉంటున్నారు. ఒకాయనకు పోయిన వారం నడుం పట్టేసింది, డాక్టర్ "ముందు ఆ కుర్చీ మార్చండి" అన్నారు. రెండో ఆయనకు కుర్చీ అనే ఆలోచనే లేదు. వయసు, ఆదాయం, చిరునామా ప్రకారం చూస్తే ఇద్దరూ ఒకటే. మీ వ్యాపారం దృష్టిలో మాత్రం ఒకరు రేపటి కస్టమర్, ఇంకొకరు దారిన పోయే మనిషి.

మార్కెట్ అంటే ఒకే ముద్ద కాదని, వేర్వేరు అవసరాలున్న చిన్న చిన్న మార్కెట్ల కలయిక అని మార్కెటింగ్ నిపుణుడు వెండెల్ స్మిత్ 1956లోనే ఒక వ్యాసంలో వివరించారు. మార్కెట్‌ను ఇలా గుంపులుగా విడదీసి చూసే సెగ్మెంటేషన్ అనే ఆలోచన అక్కడే స్థిరపడింది. ఆయన మొదలుపెట్టింది అవసరాల్లోని తేడాల నుంచి. వయసు, ఆదాయం వివరాలు తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి మనం వాటి దగ్గరే ఆగిపోతుంటాం. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి దానికి తిరగేసి ఉంటుంది: ముందు మనిషి ఏ పరిస్థితిలో కొంటున్నాడో పట్టుకోవాలి. వయసూ ఊరూ ఆ తర్వాత, వాళ్లను ఎక్కడ వెతకాలో తెలుసుకోవడానికి మాత్రమే.

మొదటి అడుగు: ఇప్పటికే కొన్నవాళ్ల లెక్క తీయండి

సర్వేల కంటే ముందు మీ బిల్లు పుస్తకం తెరవండి. డబ్బు ఇచ్చి కొన్నవాళ్ల వివరాలకు మించిన సాక్ష్యం లేదు. ఒక ఎక్సెల్ షీట్‌లో ఒక్కో కస్టమర్‌కు ఒక్కో వరుస ఇవ్వండి. ఏం కొన్నారు, ఎప్పుడు, మొదటిసారా మళ్లీనా, మన గురించి ఎలా తెలిసింది, ఎంత బేరం ఆడారు, అమ్మిన తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేశారు, సరుకు వెనక్కి ఇచ్చారా, ఇంకెవరినైనా పంపారా అనేవి రాసుకోండి. పాతవాళ్ల విషయంలో కొన్ని గడులు ఖాళీగానే ఉంటాయి. వాటిని ఊహతో నింపకండి.

చాలామంది ఇక్కడ మొత్తం అమ్మకం ఎంత అన్న ఒక్క గడినే చూస్తారు. లాభం మిగతా గడుల్లో దాగి ఉంటుంది. ఒకేసారి పెద్ద ఆర్డర్ ఇచ్చిన కస్టమర్ మూడు నెలలు డబ్బు ఆపి, పదిసార్లు మార్పులు అడిగి ఉండొచ్చు. ఒక్క కుర్చీ కొన్నావిడ ఆ తర్వాత నలుగురిని పంపి ఉండొచ్చు. బేరం తక్కువ, ఫిర్యాదులు తక్కువ, తెచ్చిన మనుషులు ఎక్కువ: ఈ మూడూ కలిసిన వరుసలకు రంగు వేయండి. రంగు వేసినవాళ్లందరిలో ఉమ్మడిగా ఏముందో వెతకడమే తర్వాతి పని.

బిల్లు పుస్తకానికి ఒక లోపం ఉంది. రావాలనుకుని రానివాళ్లు, ధర అడిగి వెళ్లిపోయినవాళ్లు అందులో ఉండరు. అందుకే ఈ రోజు నుంచే ఎంక్వైరీలకు వేరే షీట్ పెట్టండి. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో వాళ్ల మాటల్లోనే రాయండి. "ఎత్తు తక్కువున్నవాళ్లకు కాళ్లు నేలకు ఆనతాయా?" అనే ప్రశ్న ఐదుగురు అడిగి, ఐదుగురూ కొనకుండా వెళ్లారంటే, మీకు తెలియకుండానే ఒక గుంపు మీ తలుపు తడుతోందని అర్థం.

ఇంకా వ్యాపారం మొదలుపెట్టకపోతే? ఆ సమస్యకు జనం ఇప్పుడు ఏం చేస్తున్నారో చూడండి. కుర్చీ మీద దిండు పెట్టుకుంటున్నారా, మంచం మీద కూర్చుని పని చేస్తున్నారా, పోటీ కంపెనీ సరుకు కొని సర్దుకుపోతున్నారా? ఆన్‌లైన్‌లో పోటీ కంపెనీల రివ్యూలు చదివేటప్పుడు ఐదు చుక్కలవీ ఒక చుక్కవీ పక్కన పెట్టి, మూడు చుక్కలవి ముందు చదవండి. పొగడ్తలోనూ కోపంలోనూ వివరాలు తక్కువ. "అంతా బాగుంది, కానీ..." అన్నచోటే మీకు కావలసిన సమాచారం ఉంటుంది. సెర్చ్ బాక్స్‌లో మొదటి రెండు మాటలు టైప్ చేయగానే కిందకు వచ్చే సూచనలు కూడా జనం అడుగుతున్న ప్రశ్నలే, పైగా పైసా ఖర్చు లేదు.

ఒక్క హెచ్చరిక: తీరని సమస్యకు జనం డబ్బో సమయమో శ్రమో ఏదో ఒకటి ఇప్పటికే ఖర్చు పెడుతూ ఉండాలి. ఏమీ ఖర్చు పెట్టడం లేదంటే అది వాళ్లను అంతగా బాధించడం లేదు. అలాంటిచోట ఎంత మంచి సరుకు తెచ్చినా అమ్మడం చాలా కష్టం.

రెండో అడుగు: కొనేదెవరు, వాడేదెవరు, సరే అనేదెవరు?

ఒకే మనిషి ఎంచుకుని, డబ్బిచ్చి, వాడుకుంటే పని సులువు. చాలా వ్యాపారాల్లో ఈ మూడు పనులూ ముగ్గురివి. ఒక కంపెనీకి 60 కుర్చీలు అమ్మాలంటే కూర్చునేది ఉద్యోగి, కొటేషన్లు తెప్పించేది అడ్మిన్ విభాగం, సంతకం పెట్టేది ఫైనాన్స్ మేనేజర్. ఉద్యోగికి నడుం నొప్పి తగ్గాలి. అడ్మిన్‌కు రిపేర్ కోసం తన చుట్టూ ఎవరూ తిరగకూడదు. మేనేజర్‌కు వారంటీ ఎన్నేళ్లో తెలియాలి. ఉద్యోగికి నచ్చే యాడ్‌ను మేనేజర్‌కు పంపితే కొటేషన్ అక్కడే ఆగిపోతుంది.

కాగితం మీద ఈ పాత్రలన్నీ రాసి, ఎవరికి "వద్దు" అనే అధికారం ఉందో వాళ్ల పేరు కింద గీత గీయండి. మీరు మాట్లాడాల్సిన వాళ్ల జాబితాలో ఆ మనిషి తప్పకుండా ఉండాలి.

మూడో అడుగు: కూర్చుని మాట్లాడండి

మొత్తం పనిలో అసలైనది ఇదే, ఎక్కువమంది దాటేసేదీ ఇదే. కొత్తవాళ్లకు ఫోన్ చేసి మాట్లాడటం మొహమాటంగా ఉంటుంది. సర్వే లింక్ పంపడం హాయిగా ఉంటుంది. కానీ సర్వేలో మీకు ముందే తెలిసిన ప్రశ్నలకే జవాబులు వస్తాయి. మీరు అడగాలని కూడా తట్టని విషయం మాటల మధ్యలోనే బయటపడుతుంది.

ఎవరితో మాట్లాడాలి? మూడు రకాల వాళ్లతో. ఈ మధ్యే కొన్నవాళ్లు: రెండు మూడు నెలల లోపు కొని ఉంటే జ్ఞాపకం తాజాగా ఉంటుంది. ఆఖరి నిమిషంలో వద్దనుకుని వేరే చోట కొన్నవాళ్లు. కొని వాడటం మానేసినవాళ్లు. మీ బంధువులనూ స్నేహితులనూ ఈ జాబితాలో కలపకండి. మీ మీద ప్రేమతో వాళ్లు అబద్ధం చెప్తారు, అది వాళ్ల తప్పు కాదు.

ఎంతమంది సరిపోతారు? అవసరం ఒకేలా ఉన్న ఒక గుంపులో పది పన్నెండు మందితో మాట్లాడేసరికి కొత్త విషయాలు రావడం బాగా తగ్గిపోతుంది. 2006లో ముగ్గురు పరిశోధకులు తాము చేసిన 60 ఇంటర్వ్యూలను విశ్లేషించి చూస్తే, ముఖ్యమైన అంశాల్లో దాదాపు అన్నీ మొదటి 12లోనే వచ్చేశాయి, వాటికి పునాదిగా ఉన్నవి ఆరో ఇంటర్వ్యూ నాటికే కనిపించాయి. అయితే వాళ్లు మాట్లాడింది పోలికలున్న మనుషులతో, ఒకే అంశం మీద. మీ 12 మందిలో నలుగురు ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, నలుగురు కంపెనీ అడ్మిన్లు, నలుగురు వీడియో గేమ్‌లు ఆడేవాళ్లు అయితే అది 12 కాదు, మూడు నాలుగులు.

ఇక ప్రశ్నల సంగతి. ఒకే నియమం గుర్తుంటే చాలు: రాబోయే కాలం గురించి అడగొద్దు, జరిగిపోయిన దాని గురించి అడగండి. "ఇలాంటి కుర్చీ వస్తే కొంటారా?" అంటే మర్యాదకైనా "తప్పకుండా" అంటారు. ఆ మాటకు ఖరీదు లేదు. "పోయినసారి కుర్చీ కొన్నప్పుడు ఏం జరిగింది?" అంటే కథ చెప్తారు. కథలో అబద్ధానికి చోటు తక్కువ.

ఆ కథను వెనక నుంచి ముందుకు రాబట్టండి. ఇలా అడగొచ్చు:

- కొత్త కుర్చీ కావాలని మొదటిసారి ఎప్పుడు అనిపించింది? ఆ రోజు ఏం జరిగింది?
- అనిపించిన తర్వాత కొనడానికి ఎంత కాలం పట్టింది? మధ్యలో ఎందుకు ఆగారు?
- ముందు ఎవరిని అడిగారు? ఎక్కడ వెతికారు? వెతికేటప్పుడు ఏమని టైప్ చేశారు?
- ఇంకేం చూశారు? వాటిని ఎందుకు వద్దనుకున్నారు?
- కొనే ముందు ఏ విషయంలో టెన్షన్ పడ్డారు?
- ఇంట్లో గానీ ఆఫీసులో గానీ ఎవరైనా వద్దన్నారా?
- వచ్చాక మొదటి వారం ఎలా గడిచింది?

ఈ ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే విలువైనది "మధ్యలో ఎందుకు ఆగారు?" అన్నది. మనిషికి అవసరం ఆరు నెలల క్రితమే వచ్చి ఉంటుంది, కొన్నది నిన్న. ఆ ఆరు నెలల్లో ఆయన్ను ఏం ఆపిందో, చివరికి ఏం కదిలించిందో తెలిస్తే మీ యాడ్‌లో ఏం రాయాలో, ఎప్పుడు చూపించాలో రెండూ తెలిసినట్టే. "ఆన్‌లైన్‌లో తెప్పిస్తే బిగించడం రాదేమోనని భయం వేసింది" అని ముగ్గురు అన్నారనుకోండి. మీ సమస్య ధర కాదు, బిగించడం. అప్పుడు డిస్కౌంట్ ఇవ్వడం దండగ, మనిషిని పంపి బిగించి ఇవ్వడం లాభం.

మాట్లాడేటప్పుడు అమ్మే ప్రయత్నం చేయకండి. మీ సరుకు గురించి తప్పుగా చెప్పినా సరిదిద్దకండి. వాళ్లు ఆగినప్పుడు మీరూ ఆగండి. ఆ నిశ్శబ్దాన్ని నింపాలన్న తొందర అణచుకోగలిగితే, తర్వాత వచ్చే వాక్యం చాలాసార్లు అసలు సంగతి అవుతుంది. రికార్డ్ చేస్తే ముందే అనుమతి అడగండి. రాసుకునేటప్పుడు వాళ్ల మాటను మీ భాషలోకి మార్చకండి. "కూర్చుంటే సాయంత్రానికి నడుం చచ్చుబడుతుంది" అన్నదాన్ని "నడుముకు సరైన ఆధారం లేకపోవడం" అని రాశారంటే, పనికొచ్చే వాక్యాన్ని పారేసి పనికిరానిది దాచుకున్నట్టు. ఆ మొదటి వాక్యమే రేపు మీ యాడ్ హెడ్డింగ్.

అడగని ప్రశ్న ఎంత నష్టం చేస్తుందో చెప్పడానికి కోకాకోలా కథ ఉంది. 1985లో కంపెనీ తన పాత ఫార్ములా మార్చే ముందు దాదాపు 2 లక్షల మందికి రుచి పరీక్షలు చేసింది. కొత్త రుచినే ఎక్కువమంది మెచ్చుకున్నారు. ఏప్రిల్ 23న కొత్తది ప్రకటించి, పాతది ఆపేసింది. జనం తిరగబడ్డారు. 79 రోజులకే పాతదాన్ని వెనక్కి తెచ్చింది. పరీక్షల్లో తప్పు లేదు, వాటి సంఖ్యలోనూ లోటు లేదు. ఆ పరీక్షలు అడిగింది ఏది రుచిగా ఉందని. పాతది ఇక దొరకదంటే జనం ఏమవుతారన్నది ఆ పరీక్షలు తేల్చగలిగే విషయం కాదు.

నాలుగో అడుగు: ఇప్పుడు సర్వే

ఇంటర్వ్యూల్లో విన్నది ఎంతమందికి వర్తిస్తుందో లెక్కపెట్టడానికే సర్వే. కొత్త విషయాలు కనిపెట్టడానికి కాదు. అందుకే ఇది నాలుగో అడుగు.

సంఖ్య పెద్దదైతే చాలనే నమ్మకం ఇక్కడ ముంచుతుంది. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. దాదాపు 24 లక్షలు తిరిగొచ్చాయి. వాటి ప్రకారం రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని రాసింది. గెలిచింది రూజ్‌వెల్ట్, 48 రాష్ట్రాల్లో 46 ఆయనవే. ఎక్కడ బెడిసింది? పత్రిక పేర్లు తీసుకున్నది ఎక్కువగా ఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి. ఆర్థిక మాంద్యం నడుస్తున్న ఆ రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లు కాస్త కలిగినవాళ్లు. పైగా బ్యాలెట్ తిరిగి పంపే ఓపిక ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ ఒకేలా ఆలోచించలేదు. అదే ఎన్నికలో ప్రజాభిప్రాయ సర్వేలు చేసే జార్జ్ గాలప్ అంతకంటే ఎంతో చిన్న నమూనాతో విజేతను సరిగ్గా చెప్పారు.

మీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టిన పోల్ కూడా ఇలాంటిదే. మీరంటే ఇష్టమున్నవాళ్లే అందులో ఉంటారు.

పెద్ద జనాభా నుంచి యాదృచ్ఛికంగా, అంటే చీటీలు తీసినట్టు అందరికీ సమాన అవకాశం ఉండేలా ఎంచుకుంటే 385 మంది జవాబులు చాలు: అలాంటి సర్వే వందసార్లు చేస్తే దాదాపు 95 సార్లు లెక్క అసలు శాతానికి అటూ ఇటూ 5 శాతం లోపే వస్తుంది. కానీ 'యాదృచ్ఛికంగా' అన్న మాట నెరవేర్చడం చిన్న వ్యాపారానికి చాలా కష్టం. కాబట్టి సర్వే అంకెలను కచ్చితమైన శాతాలుగా కాక, ఏది ఎక్కువ ఏది తక్కువ అని చెప్పే సూచనలుగా మాత్రమే తీసుకోండి. ప్రశ్నలు పదికి మించకుండా, ఒక ప్రశ్నలో ఒకే విషయం ఉండేలా చూసుకోండి. "ధర, నాణ్యత బాగున్నాయా?" అని అడిగితే జవాబు దేనికో తెలియదు. "తెలియదు" అనే ఎంపిక తప్పనిసరి.

ఐదో అడుగు: గుంపులుగా విడదీయండి

ఇప్పుడు మీ దగ్గర బిల్లుల లెక్క, ఎంక్వైరీల షీట్, ఇంటర్వ్యూ నోట్స్, సర్వే అంకెలు ఉన్నాయి. ఇంటర్వ్యూ నోట్స్‌ను చీటీలుగా కత్తిరించి బల్ల మీద పరిచి, కొనడానికి దారితీసిన సంఘటన ఒకటే ఉన్నవాటిని ఒకచోటికి చేర్చండి. కంప్యూటర్‌లో కూడా చేయొచ్చు గానీ, చీటీలను చేత్తో జరిపినప్పుడే పోలికలు తొందరగా కనపడతాయి.

మన కుర్చీల వ్యాపారంలో ఇలా తేలొచ్చు. నొప్పి వచ్చి, డాక్టరో ఫిజియోథెరపిస్టో చెప్తే కొనేవాళ్లు ఒక గుంపు: వీళ్లకు తొందర ఉంది, ధర రెండో విషయం, "ఇది నిజంగా పనిచేస్తుందా" అన్న అనుమానం పెద్దది. కొత్త ఉద్యోగంలో చేరి ఇంట్లో పనిగది సర్దుకునేవాళ్లు ఇంకో గుంపు: వీళ్లు బల్ల, దీపం, కుర్చీ కలిపి చూస్తారు, గదికి నప్పాలంటారు. కొత్త ఆఫీసు తెరిచే చిన్న కంపెనీలు మూడోది: వీళ్లకు తేదీ ముఖ్యం, ప్రారంభం నాటికి అన్నీ వచ్చేయాలి. మొదటి గుంపులో 28 ఏళ్ల ప్రోగ్రామర్ ఉండొచ్చు, 58 ఏళ్ల అకౌంటెంట్ ఉండొచ్చు. వాళ్లిద్దరికీ ఒకే యాడ్ పనిచేస్తుంది.

విడదీసిన ప్రతిదీ నిజమైన గుంపు కాదు. ఒక గుంపుకూ ఇంకో గుంపుకూ మీరు చెప్పే మాట గానీ, ఇచ్చే సరుకు గానీ, అమ్మే చోటు గానీ మారకపోతే వాటిని కలిపేయండి. గుంపు ఉందని తెలిసినా, వాళ్లను చేరే దారి లేకపోతే ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

తర్వాత సైజు లెక్క. ఇందులో కచ్చితత్వం అక్కర్లేదు, నిజాయితీ కావాలి. అంకెలు ఊహించుకుని చేద్దాం. మీరు డెలివరీ ఇవ్వగల ప్రాంతంలో ఇంటి నుంచి పనిచేసేవాళ్లు 50,000 మంది అనుకుందాం. సగటున ఐదేళ్లకోసారి కుర్చీ మారుస్తారనుకుంటే ఏడాదికి 10,000 కొనుగోళ్లు. వాటిలో నొప్పి వల్ల కొనేవి నాలుగో వంతు అయితే 2,500. ఫిజియోథెరపీ క్లినిక్‌ల ద్వారా, సెర్చ్ యాడ్‌ల ద్వారా మీరు వాళ్లలో ఐదో వంతును చేరగలిగితే 500. పదిమందిలో ఒకరు కొంటే ఏడాదికి 50 కుర్చీలు. 50 కుర్చీల మీద వచ్చే లాభంతో మీ వ్యాపారం నడుస్తుందా? నడవకపోతే ఈ గుంపు ఒక్కటే చాలదు, లేదా చేరే దారి ఇంకా పెద్దది కావాలి. ఈ ఐదు వాక్యాల లెక్క వేయకుండా ఏడాది పాటు యాడ్‌లకు డబ్బు పోసేవాళ్లు తక్కువేం కాదు.

ఆరో అడుగు: ఒకరిని ఎంచుకోండి, మిగతావాళ్లను వదలండి

చెప్పడం సులువు, చేయడానికి చెయ్యి రాదు. ఒక గుంపును ఎంచుకోవడమంటే మిగతావాళ్లను తరిమేయడం కాదు. వాళ్లు వస్తే అమ్మండి. కానీ వాళ్ల కోసం సరుకు మార్చకండి, యాడ్ డబ్బు పెట్టకండి. ఏ గుంపుకు బాధ ఎక్కువ, ఎవరి దగ్గర డబ్బు ఉంది, ఎవరిని మీరు పోటీదారుల కంటే బాగా చూసుకోగలరు: ఈ మూడూ కలిసేచోట మొదలుపెట్టండి. మొదటి ఏడాది ఒకటే గుంపు. రెండు అనిపిస్తే మళ్లీ ఆలోచించండి.

ఇరుకైన గుంపును ఎంచుకుంటే వ్యాపారం ఇరుకైపోతుందన్న భయానికి ఆక్సో కంపెనీ మంచి జవాబు. తన భార్యకు కీళ్లనొప్పుల వల్ల మామూలు తొక్క తీసే పరికరం పట్టుకోవడం కష్టంగా ఉండటం చూసి, ఆ కంపెనీ స్థాపకుడు శామ్ ఫార్బర్ లావు, మెత్తటి పిడులున్న వంటింటి పరికరాలు చేయించారు. 1990లో అవి మార్కెట్‌లోకి వచ్చాయి. చేతుల్లో నొప్పి ఉన్నవాళ్ల కష్టాన్ని తీర్చిన పిడి, ఏ నొప్పీ లేనివాళ్లకు ఇంకా హాయిగా అనిపించింది. ప్రతి ఇరుకు గుంపూ ఇలా విస్తరిస్తుందని కాదు. కానీ ఒకరి సమస్యను పూర్తిగా తీర్చిన సరుకుకు ఆ అవకాశం ఉంటుంది, అందరినీ కొంచెం కొంచెం మెప్పించాలనుకున్న దానికి ఉండదు.

ఇదే కాగితం మీద "మన కస్టమర్ కానివాళ్లు" అని కూడా రాయండి. "అన్నిటికంటే చవక ఎక్కడుందో వెతికేవాళ్లు", "ఒక్క ఫంక్షన్ కోసం రెండు రోజులు అద్దెకు అడిగేవాళ్లు" లాంటివి. మీ సేల్స్‌లో ఉన్న కుర్రాడికి ఈ జాబితా బోలెడు సమయం మిగులుస్తుంది.

ఏడో అడుగు: ఒక్క పేజీ ప్రొఫైల్

ఎంచుకున్న గుంపులోని మనిషి ఎలా ఉంటాడో ఒక్క పేజీలో రాసే వర్ణన ఇది, దీన్ని పర్సోనా అంటారు. సాఫ్ట్‌వేర్ డిజైన్‌లో ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చింది అలన్ కూపర్, 1990ల చివర్లో. ఆయన పర్సోనాలు నిజమైన మనుషులతో మాట్లాడి తయారుచేసినవి. ఇప్పుడు కనిపించేవాటిలో చాలావరకు మీటింగ్ రూమ్‌లో కూర్చుని కల్పించినవి: అందమైన ఫొటో, ఒక పేరు, ఇష్టమైన రంగు, పెంపుడు కుక్క. కుక్క వల్ల కుర్చీ ఎంపిక మారితే తప్ప అది అక్కడ ఉండనక్కర్లేదు.

పనికొచ్చే ప్రొఫైల్ ఇలా ఉంటుంది:

"రోజుకు ఎనిమిది గంటలకు పైగా కూర్చుని పనిచేస్తారు. కొన్ని నెలలుగా నడుం నొప్పి, దిండ్లతో సర్దుకున్నారు. డాక్టర్ చెప్పాక వెతకడం మొదలుపెట్టారు. సెర్చ్‌లో టైప్ చేసేది కుర్చీ మోడల్ పేరు కాదు, నొప్పి పేరు. భయం: ఇంత పెట్టి కొన్నాక కూడా నొప్పి తగ్గకపోతే? నమ్మేది: ఫిజియోథెరపిస్ట్ మాట, తనలాంటి సమస్య ఉన్నవాళ్ల రివ్యూ. ఆపేది: ఇంట్లోవాళ్లు 'కుర్చీకి అంత డబ్బా?' అనడం. కదిలించేది: కొన్నాళ్లు వాడి చూసి వెనక్కి ఇవ్వొచ్చన్న హామీ."

ప్రతి వాక్యం పక్కన అది ఏ ఇంటర్వ్యూ నుంచి వచ్చిందో చిన్న అంకె వేయండి. అంకె వేయలేని వాక్యం మీ ఊహ. ఊహలు ఉండొచ్చు, కానీ వాటి పక్కన ప్రశ్నార్థకం ఉండాలి.

ఎనిమిదో అడుగు: డబ్బు పోసే ముందు పరీక్షించండి

ఒకే బడ్జెట్‌తో రెండు చిన్న యాడ్‌లు నడపండి. ఒకటి ప్రొఫైల్‌లోని మాటలతో, ఇంకొకటి మీరు ఇన్నాళ్లూ వాడుతున్న మాటలతో. క్లిక్‌లు కాదు, ఎంక్వైరీలు, ఆర్డర్లు లెక్కపెట్టండి. ఒకదానికి 100 మంది వచ్చి 3 ఆర్డర్లు, ఇంకోదానికి 100 మంది వచ్చి 5 ఆర్డర్లు వస్తే గెలిచింది ఎవరో చెప్పలేం, ఆ తేడా కేవలం కాకతాళీయం కావచ్చు. 3కీ 15కీ ఉన్న తేడా అయితే నమ్మొచ్చు.

ఇప్పటికే వాడుతున్నవాళ్లను అడగడానికి స్టార్టప్‌ల మార్కెటింగ్ నిపుణుడు షాన్ ఎల్లిస్ వాడుకలోకి తెచ్చిన ప్రశ్న ఒకటి ఉంది: "రేపటి నుంచి ఇది మీకు దొరకదంటే ఎలా అనిపిస్తుంది?" చాలా నిరాశ పడతాను, కొంచెం నిరాశ పడతాను, ఏమీ అనిపించదు అనేవి ఎంపికలు. 40 శాతానికి పైగా మొదటిది ఎంచుకుంటే సరుకు సరైన చోట పడిందని ఆయన కొలమానం. అది స్టార్టప్‌ల అనుభవం నుంచి వచ్చిన గుర్తు, భౌతికశాస్త్ర నియమం కాదు. మొత్తం శాతం కంటే, "చాలా నిరాశ" అన్నవాళ్లు ఎవరో విడిగా తీసి చూడటంలోనే ఎక్కువ లాభం. వాళ్లే మీ టార్గెట్ ఆడియన్స్. వాళ్లు మీరు ఎంచుకున్న గుంపు కాకపోతే, ఆరో అడుగుకు వెనక్కి వెళ్లండి.

తొమ్మిదో అడుగు: రోజువారీ పనిలో పెట్టండి

ప్రొఫైల్ కాగితాన్ని డెలివరీ చేసేవాళ్లకు, ఫోన్ ఎత్తేవాళ్లకు కూడా ఇవ్వండి. మార్కెటింగ్ వాళ్ల ఫోల్డర్‌లో పడి ఉంటే అది లేనట్టే. కస్టమర్ల వివరాల్లో పనికి అవసరమైనవి మాత్రమే తీసుకోండి. పేర్లు, నంబర్లు, ఆరోగ్య విషయాలు ఉన్న నోట్స్‌ను అందరికీ పంపకండి. యూరోపియన్ యూనియన్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ (వ్యక్తిగత సమాచార రక్షణ నిబంధనలు) లాంటి చట్టాలు చాలా దేశాల్లో వచ్చాయి, మీ దగ్గర ఏది వర్తిస్తుందో ముందే కనుక్కోండి.

గుంపులు మారుతూ ఉంటాయి. ఎంక్వైరీల షీట్‌లో మొదటి ప్రశ్న మారడం, "ఎలా తెలిసింది" గడిలో కొత్త జవాబు పదేపదే రావడం, సరుకు వెనక్కి ఇచ్చేవాళ్లు కొత్త కారణం చెప్పడం: ఇవి కనిపిస్తే ఇంక ఆగకుండా మళ్లీ ఐదారుగురితో మాట్లాడండి. ఏమీ మారనట్టు కనిపించినా వారానికి ఒక కస్టమర్‌కు యజమానే స్వయంగా ఫోన్ చేయడం అలవాటు చేసుకోవచ్చు. అరగంట పని. ఆ ఫోన్‌లో విన్నది అదే రోజు షీట్‌లోకి ఎక్కించండి, మర్నాటికి వాళ్ల మాటలు పోయి మీ మాటలే మిగులుతాయి.